వెనక ట్రాలీలో మా బావ

మొన్న ఆదోనిలో ట్రాక్టరు రిపేరు షెడ్డు దగ్గర టీ తాగుతుంటే మెకానిక్కు తన ఫోను నా ముందు పెట్టాడు. ఏదో దేశంలో ఒక పెద్ద బండి చక్రాలున్న ఇంటిని లాగుతోంది. ఆ ఇంటి వెనక ఇంకో ట్రాలీ, దాని మీద పడవ. "సూడన్నా, ఇల్లూ పడవా ఒగేసారి గుంజకపోతాండాడు. మనోళ్లకు ఇట్లాంటి బుద్ధి యాడొస్తాది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ బుద్ధి నాకు పన్నెండేళ్ల కిందటే వచ్చిందని చెప్పలేక, సగం టీ వదిలేసి లేచాను.

మా అక్క మొగుడు తుంగభద్ర మీద పుట్టి పడవ నడిపేవాడు. వెదురు బద్దలతో గంపలా అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ అది. ఏట్లో నీళ్లున్నన్నాళ్లు జనాన్ని దాటించేవాడు, చేపలు పట్టేవాడు. ఎండాకాలం మా ఇంట్లో ఉండి పత్తి మిల్లులో మూటలు మోసేవాడు. అక్క మాత్రం ఏడాదంతా మా ఇంట్లోనే. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుంటే, "ఏట్లో చేపలు గూడా ఇంత తినవేమో బావా" అనేవాణ్ణి. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వి, చెయ్యి కడిగేసుకునేవాడు. నా హాస్యానికి అప్పట్లో మా వీధిలో మంచి పేరుండేది. పన్నెండేళ్ల కిందట ఆయన మా పెరట్లోనే మూడు కొత్త పుట్టీలు అల్లుకున్నాడు. మంత్రాలయం దగ్గర ఏటిగడ్డన ఒక గది మాట్లాడుకుని, ఈసారి అక్కను కూడా తీసుకుపోతానన్నాడు. అక్క అప్పుడే గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఏటికి కొత్తనీళ్లు వచ్చినప్పుడు నాలుగు రోజులు ఒడ్డున ఉండి రావడం మా ఇంటి అలవాటు. మా ట్రాక్టరు ట్రాలీకి ఇనుప కమ్మీలు వంచి, టార్పాలిన్ కప్పి, పొయ్యి, చాపలు, పప్పూ ఉప్పూ అన్నీ అందులోనే పెట్టి ఇల్లులా చేసేవాణ్ణి. ఆ యేడు దాని వెనకే రెండో ట్రాలీ తగిలించి పుట్టీలు వేశాను. ఆడవాళ్లు పైకి ఎక్కకుండా కిందనుంచే నీళ్లు పట్టుకోవచ్చని, నిండు డ్రమ్మును ఆ వెనక ట్రాలీ చివర పెట్టించాను.

"రెండు తూర్లు పోదాంలే అప్పా. ల్యాకుంటే ఆ డ్రమ్మన్నా ముందరికి జరుపు. యనక బరువైతే బండి తోకాడిస్తాది" అన్నాడు బావ.

"తెడ్డేసేటోనికి రోడ్డు సంగతి ఏం తెల్సు బావా? భయమైతే అక్క కొంగు పట్టుకోని ముందు ట్రాలీలో కూసో" అన్నాను, వీధంతా వినేటట్టు. ఆయన వెనక ట్రాలీ ఎక్కి పుట్టీల తాడు పట్టుకున్నాడు.

ఎమ్మిగనూరు దాటాక ఒక వాగు దగ్గర రోడ్డు దిగుడుగా ఉంటుంది. అక్కడ వెనక ట్రాలీ ఊగడం మొదలైంది. "నిదానమప్పా! నిదానం!" అని బావ కేక. అక్క ముందు ట్రాలీ రేకును అరచేత్తో బాదుతూ "నిలుపురా!" అని అరిచింది. ఇంజను చప్పుడులో ఏమీ వినబడలేదని తర్వాత అందరికీ చెప్పాను. రెండూ వినబడ్డాయి. కాసేపు భయపడనీ అనుకుని ఎక్సిలేటరు ఇంకాస్త తొక్కాను. వెనక ట్రాలీ కొక్కెం తెగి బోల్తా పడింది. డ్రమ్ము ఆయన కుడి మోకాలి మీద పడింది.

ఎముకలు అతుక్కున్నాయి గానీ మోకాలు మళ్లీ మడత పడలేదు. పుట్టిలో మోకాళ్లు మడిచి కూర్చుని తెడ్డు వేయాలి. అక్కా బావా ఆ గది వదులుకున్నారు, మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆసుపత్రికి వచ్చిన బంధువులకు, "బావ తాళ్లు సరిగ్గా కట్టలేదు, ఏం చేస్తాం" అని ఆయన మంచం పక్కనే నిలబడి చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూశాడు. తర్వాత కూడా, కాలు చాపుకుని అన్నం తినే మనిషి మీద ఒకటి రెండేళ్లు నా హాస్యం సాగింది.

మొన్న షెడ్డు నుంచి ఇంటికి పోయేసరికి బావ వసారాలో ఉన్నాడు. పక్కన అక్క బియ్యం ఏరుతోంది. "ఆ పొద్దు నీ కేక నాకు ఇనపడింది బావా" అన్నాను.

"తెల్సప్పా. ట్రాలీ పక్కకు ఊగినప్పుడు నువ్వు తిరిగి సూసి నవ్వితివి గదా" అన్నాడు.

నవ్విన సంగతి నేను మరిచిపోయాను.

అక్క చేతిలో చేట ఆగింది. నా వైపు చూడలేదు. "ఇన్నేండ్లూ నాకెందుకు సెప్పలేదు?" అని ఆయన్ని అడిగింది.

"సెప్పింటే నువ్వు ఈ ఇంట్లో మెతుకు ముట్టవు. ఈ కాలుతో నిన్ను యాడికి తీస్కపోయేది?"

అక్క ఆ పూట మా ఇంట్లో తినలేదు. మరునాటి నుంచి పెరటి గదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. నేను ఇప్పుడు కాస్త నిద్రపోగలుగుతున్నాను. అక్క కోసం ఆయన పన్నెండేళ్లు నోరు మూసుకుని నిలబెట్టిన సంసారాన్ని చెదరగొట్టి, నా మనసు తేలిక చేసుకోవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.