మల్లేశం టైర్లు కొట్టిన రాత్రి

నమ్మకుంటే నమ్మకుండ్రి. కల అని మాత్రం అనొద్దు... ఆ రాత్రి నేను రెప్ప వెయ్యలేదు. బడి మొఖం చూడకున్నా పేపర్లు చదివి తెలివి తెచ్చుకున్నోణ్ణి. దయ్యాల ముచ్చట్లు చెప్పేటోళ్లను మొఖం మీదనే తిట్టినోణ్ణి.

దుబాయ్ దిక్కు ఫుజైరాలో క్వారీ బండ్ల యార్డుకు వాచ్‌మన్‌ను. ఇరవై ఏండ్లు చూసిన. రాయి లారీల మీద పోయినన్నాళ్లు రోడ్డు పొడుగునా చాయ్ హోటళ్లు, పంక్చర్ షాపులు బతికినయ్. కొండ కిందికి గూడ్సు రైలొచ్చింది. రాయి రైలెక్కింది. షట్టర్లు దిగినయ్. అందరూ రైలునే పొగిడిండ్రు. డ్రైవర్ల సంగతి ఒక్కడన్నా అడిగిండా?

మా జగిత్యాల దిక్కు డ్రైవర్ మల్లేశం పని అట్లనే పోయింది. బండెక్కే ముందు ఇనుప రాడ్డుతో టైరు టైరూ కొట్టి గాలి చూసేటోడు. రెండు దెబ్బలు... ఒక ఆగుడు. మేనేజర్, ఆ ముదీర్, "ఖలాస్" అన్ననాడు కూడా నవ్విండు.

"కాకా, రైలుకు టైర్లుండవు. నా రాడ్డుకు పింఛన్ ఇయ్యమను."

"ముందు నీ నోటికి ఇయ్యాలె రా!" అన్న.

వాడు ఇంటికి పోలేదు. వీసా తెగినా ఇక్కడే దాక్కొని, కాగితాల్లేని ఖల్లివెల్లి అయిండు. ఆర్నెల్లు ఫోన్ లేదు. వాని పెండ్లాం నాకు ఫోన్ చేసి ఏడ్చేది.

"కాకా, కనవడితె జర పట్టుకోండ్రి."

పట్టుకుంటనని మాటిచ్చిన.

ఆ రాత్రి... తెల్లారగట్ల ఫజర్ నమాజు బాంగుకు ఇంకా గంట ఉంది. గాలి లేదు. ఆగిపోయిన బండ్ల వరుసలోంచి...

ఠక్ ఠక్.

...

ఠక్ ఠక్.

ఒక టైరు. పక్క టైరు. దగ్గరికొస్తోంది. టార్చి వెయ్యకుండ లోపల్నే కూసున్న. నా క్యాబిన్ వెనక ఆగింది.

"కాకా..."

ఒక్కసారే. మెల్లగ.

రాత్రి ఒక్క పిలుపుకు పలకొద్దని మా అవ్వ చెప్పేది. మనిషైతే మళ్ల పిలుస్తడట. ఇన్ని చదివిన నేను... ఆ మాటకే కట్టుబడ్డ. నోరు మూసుకొని రెండో పిలుపు కోసం చూసిన. ఊపిరి ఇనవడింది... నాదో, అవతలిదో.

మళ్ల పిలవలేదు.

తెల్లారి చూస్తే, దుమ్ము పట్టిన టైర్ల మీద రెండేసి గుర్తులు. ఇసుకలో అడుగులు లేవు. తెల్లారగట్ల లేచిన గాలి తుడిచిందేమో...

కాగితాల్లేనోడు, దొరికిపోతనన్న భయానికి, రెండోసారి గట్టిగ ఎట్ల పిలుస్తడు? ఈ ముక్క నాకు పొద్దెక్కినంక తట్టింది.

ఇయ్యాల్టికీ మల్లేశం జాడ లేదు. వాని పెండ్లాం అడుగుతనే ఉంది. ఆ రాత్రి సంగతి నేను చెప్పలేదు. వచ్చింది మనిషి కాదనుకుంటే నా మీది పాపం పోతది... కాని ఆ పిల్ల బొట్టు తుడుచుకోవాలె. ఏది కోరుకోవాల్నో నాకు తెలుస్తలేదు.