చేపల వల్ల కాదు

దిబోర్ సముద్రపు ఒడ్డు పిల్ల, సెరేరు తెగ ఆడపడుచు. ఫోనీ పల్లెలో జోలా తెగవాళ్ళ ఇంటికి కోడలై వచ్చేనాటికి పొగబెట్టిన చేపను వాసన చూసి ఎన్నాళ్ళదో చెప్పడం వచ్చు గానీ వరి నాటడం రాదు. మొదటి వానకాలంలోనే మడిలో బోర్లా పడింది. గట్టు మీది ఆడవాళ్ళు నారు వదిలేసి నవ్వారు.

"ఈ సెరేరు బానిసకి నడక కూడా మనమే నేర్పాలా?" అంది వాళ్ళలో పెద్దావిడ కన్కు.

"నా బానిసలు ఇంతమంది నాటుతుంటే నాకెందుకు శ్రమ? కాసేపు పడుకుందామని పడుకున్నాను," అంది దిబోర్ బురద మొహంతోనే.

ఆ జవాబుతో ఆమె ఊరిదైపోయింది. జోలాలకూ సెరేర్లకూ పరాచికాల చుట్టరికం. అక్కచెల్లెళ్ళిద్దరు ఎక్కిన పడవ గాలివానకు రెండుగా చీలిపోతే, ఒక ముక్క పట్టుకుని ఒడ్డు చేరినావిడ జోలాల తల్లి, ఇంకో ముక్క పట్టుకున్నావిడ సెరేర్ల తల్లి అయ్యారట. అందుకని ఒకరినొకరు బానిస అనుకోవచ్చు, తిండిపోతు అనుకోవచ్చు, అవతలివాళ్ళ ఇంట్లో చేతికందింది పట్టుకుపోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. పోయినదాన్ని తిరిగి అడగకూడదు, అడిగిన ఇంట్లో పొయ్యి రాజుకోదంటారు. దిబోర్ కన్కు పెరట్లో కోళ్ళు పట్టుకుపోయేది. కన్కు దిబోర్ గంపలో చేపలు లాక్కునేది.

ఒక్క మాట మాత్రం పరాచికంలా వచ్చి ముల్లులా దిగేది. సోలిమా. అంటే కత్తి పడని ఆడది. ఆ ఊళ్ళో ఆడపిల్లలకు చిన్నప్పుడే సున్తీ చేస్తారు. సెరేర్లకు ఆ అలవాటు లేదు. ఆడవాళ్ళు తలుపేసుకుని మాట్లాడుకునే చోటికి సోలిమాను రానివ్వరు. విందుల్లో పెద్ద కుండ దగ్గర గరిటె పట్టనివ్వరు. ఎవరైనా ఆ మాట అన్నప్పుడు దిబోర్ అందరికంటే ముందే నవ్వేసేది. నవ్వితే తొందరగా అయిపోతుందని ఆమెకు తెలుసు. కత్తి పట్టేది కన్కే. తల్లి దగ్గర్నుంచి వచ్చిన కత్తి, తల్లి దగ్గర్నుంచి వచ్చిన పాటలు.

దిబోర్ పిల్లల్ని సులువుగా కన్నది. పొద్దున్న గంపెత్తుకుని తిరిగినావిడ పొద్దుగూకేసరికి బిడ్డను పక్కలో వేసుకునేది. మిగతా ఆడవాళ్ళ కాన్పులంటే ఊరంతా ఊపిరి బిగబట్టేది. వాళ్ళు ఆలోచించారు, ఆలోచించి తేల్చారు. ఇదంతా చేప మహిమ. సెరేర్లు పుట్టింది మొదలు చేపలే తింటారు కదా. అప్పట్నుంచి ఏ ఇంట్లో కడుపు పండినా ముందు దిబోర్ గంపకే కబురు వచ్చేది.

అది చేప వల్ల కాదని దిబోర్‌కు అనుమానమే. కానీ ఆ సంగతి చెప్పాలంటే సోలిమా అన్న మాటను తన నోటితో తనే అనుకోవాలి. చెప్పలేదు. చేపలమ్ముకుంది.

అంతలో ఆ ఊరి పిల్లే ఇసాతు నర్సు చదువు చదివి వచ్చింది. విత్తనాల కొట్టులో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట బడి పెట్టింది. అది తలుపేసుకునే చోటు కాదు గనక దిబోర్ కూడా వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చునేది. కన్కు వెనక గోడకి ఆనుకుని, తాను రానట్టే కూర్చునేది. ముందు చేతులు కడుక్కోవడం, తర్వాత దోమలు, తర్వాత పిల్లల జ్వరాలు. వానలు పోయి మళ్ళీ వచ్చి మళ్ళీ పోయాక గానీ ఇసాతు కాన్పుల పాఠం దగ్గరికి రాలేదు.

ఆ రోజు ఒక పాత అల్లిక చొక్కా తెచ్చి దాని మెడలోంచి బత్తాయిపండును దూర్చింది. మెడ సాగింది, పండు వచ్చేసింది. ఇంకో చొక్కా తీసింది. దాని మెడను ఎప్పుడో కోసి, బిరుసు దారంతో కుట్టేసి ఉంది. పండు అక్కడే ఆగిపోయింది. బలంగా తోస్తే పక్కన పర్రుమని చిరిగింది.

అందరూ ఆ చిరుగు వంకే చూశారు. చివరికి ఒకావిడ, "అందుకేగా దిబోర్ చేపలు తినేది," అంది. అమ్మయ్య అన్నట్టు అందరూ నవ్వారు.

ఈసారి దిబోర్ నవ్వలేదు. లేచి నిలబడింది. "చేపల వల్ల కాదు," అంది.

"మరి దేనివల్లే?"

"నాకు కత్తి పడలేదు గనక. మా ఊళ్ళో చేప వాసన పడనివాళ్ళు కూడా ఇలాగే కంటారు." ఒకసారి అందరి వంకా చూసింది. "నన్ను సోలిమా అంటారుగా. అదే, అందువల్లే."

వెనక గోడ దగ్గర కన్కు తలగుడ్డ బిగించుకుని, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచింది.

కోతలయ్యాక అత్తగారు దిబోర్‌తో, "ఈ ఏడు మన సీగా వంతు. కన్కుతో మాట్లాడేశాను," అంది. సీగా దిబోర్ పెద్ద కూతురు. ముందు పళ్ళు ఊడి ఇంకా పూర్తిగా రాలేదు.

దిబోర్ తన మొగుడు కెబ్బా దగ్గరికి వెళ్ళింది. "అది ఆడాళ్ళ సంగతి. అమ్మకీ నీకూ మధ్య నన్ను నలపకు," అని అతను గొడ్డలి భుజానేసుకుని పోయాడు.

మర్నాడు పొద్దున్నే చేపల గంప కూడా ఎత్తుకోకుండా దిబోర్ వెళ్ళి కన్కు గుమ్మంలో కూర్చుంది.

"ఏమే బానిసా, కోళ్ళు అయిపోయాయి. నన్నే ఎత్తుకుపోతావా?" అంది కన్కు.

"నిన్ను మోసేదెవరు? తిండి దండగ," అంది దిబోర్. కానీ మాట సగంలోనే జారిపోయింది. "పెద్దమ్మా, నా సీగాని వదిలెయ్."

లోపలి గదిలో కన్కు కూతురు తెరెమా దగ్గింది. ఆ గది దాటి తెరెమా బయటికి రావడం తక్కువే. ఆమె నొప్పులు పడ్డప్పుడు ఊరంతా విన్నది. బిడ్డ దక్కలేదు.

"తెరెమా కడుపుతో ఉన్నన్నాళ్ళూ రోజూ నీ చేపే వండిపెట్టానే," అంది కన్కు మెల్లగా. "ముల్లు గుచ్చుకుంటుందేమోనని నేనే ఏరి ముద్దలు కలిపి పెట్టాను. ఈ చేతుల్తోనే." చేతులు ఒకసారి తిప్పి చూసుకుంది. "దానికి చిన్నప్పుడు చేసిందీ ఈ చేతులే."

దిబోర్ ఆ చేతులు పట్టుకోబోతే కన్కు వెనక్కి లాక్కుంది.

"నేను మానేస్తే నన్నెవరు పిలుస్తారు? విందుల్లో నా పాటకి ఎవరు ఆడతారు?" అంది.

"పాటలు ఎవరికి వచ్చు? పిల్లలకి పెద్దరికపు గుడ్డ కట్టడం ఎవరికి తెలుసు? కత్తి పాడుతుందా పెద్దమ్మా?"

"అది మా అమ్మ ఇచ్చింది. ఇచ్చెయ్యడానికి నాకు హక్కు లేదు." కన్కు చేట అందుకుని లేచింది. "అయినా మీ సెరేర్లు దొంగలు. మనిషి పక్కకెళ్తే చాలు. నేను బియ్యం చెరగడానికి పెరట్లోకి పోతున్నాను. మంచం కింద రేకు డబ్బా ఉంది. ముట్టుకున్నావంటే చూడు."

దిబోర్ తెల్లబోయి కూర్చుంది. పెరట్లో చేట చప్పుడు మొదలైంది. దాని మీద కన్కు పాట, ఊరవతలికి వినబడేటంత గట్టిగా. ఇంట్లో రేకు డబ్బా చప్పుడైనా వినబడనంత గట్టిగా. అప్పుడు అర్థమైంది దిబోర్‌కు.

అనుకున్న రోజున అత్తగారు సీగాకు కొత్త గుడ్డ కట్టి కన్కు వాకిట్లోకి తీసుకువచ్చింది. ఇంకా కొందరు తల్లులు పిల్లలతో నిలబడి ఉన్నారు. దిబోర్ వాళ్ళ వెనకే వచ్చి దడి పక్కన ఆగింది.

"కత్తి లేదు. నీ కోడలు ఎత్తుకుపోయింది," అంది కన్కు.

"అయితే అడిగి తెచ్చుకో."

"పరాచికపు చుట్టం పట్టుకుపోయింది అడగమంటావా? నా పొయ్యి ఆర్పాలనా?"

"కొత్తది కొంటాం."

"మా అమ్మది తప్ప ఇంకోటి పట్టను."

"పక్క ఊళ్ళో పట్టేవాళ్ళు లేరా?" అంది అత్తగారు సీగా చెయ్యి లాగుతూ.

"ఉన్నారు, వెళ్ళు. నా వాకిలి దాటి వెళ్ళిన పిల్లకి నేను పాట పాడను, గుడ్డ కట్టను. అది ఈ ఊళ్ళో పెద్దదైందని ఎవరంటారో చూస్తా."

అత్తగారు అడుగు వేయబోయి ఆగిపోయింది. కన్కు పాట లేకుండా ఆ ఊళ్ళో ఏ పిల్లా పెద్దది కాలేదు. ఆవిడ గిరుక్కున తిరిగి ఇంటిదారి పట్టింది. సీగా వెనకాల పరుగెడుతూ, "నానమ్మా, కొత్త గుడ్డ నాకేనా, ఇచ్చెయ్యాలా?" అని అడుగుతోంది. దిబోర్ దడి వదిలి వాళ్ళ వెనకే నడిచింది.

ఆ ఏడు పిల్లలు కన్కు వాకిట్లో పాటలు నేర్చుకున్నారు, పెద్దవాళ్ళకు నీళ్ళందించే పద్ధతి నేర్చుకున్నారు. మధ్యాహ్నాలు ఇసాతు వచ్చి వాళ్ళకు వాళ్ళ ఒంటి సంగతులు చెప్పేది. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు గుట్టుగా పొరుగూరు వెళ్ళివచ్చారని కూడా అనుకున్నారు. కన్కు ఆ ఇళ్ళ ముందునుంచి పలకరించకుండా నడిచేది.

పాటలు పూర్తయి, పెద్దవాళ్ళయ్యారని పిల్లల్ని ఊరి ముందుకు తెచ్చే రోజున ఊరంతా వాకిట్లో ఉంది. వరసలో సీగా ముందుంది, మొహాన తెల్లమట్టి, నోటినిండా పాట. తెరెమా కూడా గుమ్మం దాకా వచ్చి తల్లితో గొంతు కలిపింది.

దిబోర్ అలవాటుగా దడి పక్కనే నిలబడింది.

"ఏయ్ సోలిమా, అక్కడేం చేస్తున్నావ్? వచ్చి గరిటె పట్టు," అని కేకేసింది కన్కు పెద్ద కుండ దగ్గర్నుంచి. "ఇంతకీ నా కత్తి ఏం చేశావే దొంగముండా?"

"కాలవలో పీతలకి అమ్మేశాను. పిచ్చివి, బేరం కూడా ఆడలేదు."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. దిబోర్ గరిటె అందుకుని వేరుశెనగ పులుసు కలిపింది. చేపలు కూడా వేసింది, రుచి కోసం.

అత్తగారు దూరంగా చాప మీద మొహం ముడుచుకుని కూర్చుంది. దిబోర్ పళ్ళెం తీసుకెళ్ళి ముందు పెట్టి నిలబడింది. ఆవిడ పిల్లల వరస వంక చూసింది, పళ్ళెం వంక చూసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమిలింది.

"ఉప్పు తక్కువ," అంది, రెండో ముద్ద కలుపుకుంటూ.