మూడో చుట్టు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కిందిది చదివాక మీరు నన్ను నమ్మేవాళ్ల జట్టులో కలిపేస్తారు. కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మైక్రోస్కోపులో కనబడనిది నా లెక్కలో లేనట్టే. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తామంటే కసిరేది కూడా నేనే.

మాది మెట్‌పల్లి. బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు, అవ్వ బీడీలు చేసేది. మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం. మా వాడలో ఆడపిల్లలు పదేళ్లకే బీడీల కత్తెర పట్టేవాళ్లు. నన్ను మాత్రం అవ్వ ఆకు, పొగాకు పెట్టుకునే చాట ముట్టనిచ్చేది కాదు. చేయి చాపితే చాలు, చేతిమీద ఒక్కటి వేసేది. నన్ను చదివించాలన్న పట్టుదల అనుకుని నేను మురిసిపోయేదాన్ని.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో అవ్వ బోరింగు దగ్గర జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకుంది. అప్పటికే కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చి ఉంది. బీడీలు అప్పజెప్పకపోతే పని కార్డు తీసేస్తారని ఆమె భయం. ఒక మధ్యాహ్నం ఆమె మందులేసుకుని నిద్రపోయినప్పుడు, నేనే చాట ముందేసుకుని కూర్చున్నాను.

చెప్పేవాళ్లు లేరు. అయినా చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించాను, తంబాకు పోసి చుట్టాను, దారం కట్టాను. గంట తర్వాత గాని గమనించలేదు, దారం ఎడమచేత్తో చుడుతున్నాను. నేను రాసేది, తినేది, కత్తెర పట్టేది అంతా కుడిచేత్తోనే. పైగా అవ్వ రెండు చుట్లు చుట్టి వదిలేస్తుంది. నేను మూడు చుట్టి, దారం కొసను ఆకు మడత కిందికి దోపుతున్నాను.

అవ్వకు ఎదురుగా కూర్చుని చూసి చూసి, అద్దంలోలాగా తిరగేసి నేర్చుకున్నానేమో అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఎడమచేతికి ఆ కారణం సరిపోతుంది. మూడో చుట్టుకు సరిపోదు.

మర్నాడు పొద్దున కట్టలు పట్టుకుని కార్ఖానాకు పోయాను. అక్కడ బీడీలు చెక్ చేసే రాజమల్లు తాతకు దయాదాక్షిణ్యాలు లేవు. నచ్చనివి విరిచి అవతల పారేస్తాడు. ఆరోజు మొదటి కట్ట విప్పి, ఒక బీడీ తీసి అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“గివి ఎవలు చేసిండ్రు?”

“నేనే తాతా.”

“నీకెవలు నేర్పిండ్రు?”

“ఎవలు నేర్పలే.”

“గీ చేయి మీ చిన్నమ్మది బిడ్డా. పద్మది. ఎడమచేత్తోని మూడు సుట్లు సుట్టి గిట్ల దోపేది ఊరంతట్ల అదొక్కతే. అది పోయి పదిహేడేండ్లాయె.”

అప్పుడు నా వయసు పదిహేడు. పద్మ చిన్నమ్మ అవ్వకు చెల్లెలు. గోడమీది ఫోటో, జ్వరమొచ్చి చనిపోయిందన్న మాట తప్ప ఆమె గురించి నాకేమీ తెలియదు. తాత నా మొహంలోకి ఒకసారి తేరిపార చూసి కట్టను పక్కన పెట్టాడు. ఆరోజు నా బీడీ ఒక్కటి కూడా విరవలేదు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

“నాలుగేండ్లప్పుడు ఆడుకుంట ఆడుకుంట ఒకటి చేసినవు. అచ్చం పద్మ లెక్కనే. చూసి నా పానం పోయినంత పనైంది. గప్పటిసంది నిన్ను చాట ముట్టనియ్యలే. నువ్వు దాని కడుపుల ఉండంగనే దాని పెనిమిటి ఇడ్చిపెట్టి పోయిండు. నిన్ను కన్న పదోరోజు అది కన్ను మూసింది. నాకు పిల్లలు కాలే. నిన్ను నా ఒళ్లె ఏసుకున్న.”

అవ్వే మళ్లీ అడిగింది. “ఇగ నన్నేమని పిలుస్తవ్ బిడ్డా?”

నేను జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయాను. ఆ ఒక్క పనికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

వెనకింట్లోకి పోయి చాట ముందేసుకున్నాను. కన్నతల్లి చేతులను నా చేతుల్లో చూసుకోవాలని ఒకటే ఆరాటం. దారం తీసుకున్నాను. ఎడమచేయి మాట వినలేదు. తంబాకు ఒలికింది, ఆకు చినిగింది. ఎండ వాలేదాకా కూర్చున్నా ఒక్క బీడీ కుదరలేదు. నిన్న కట్టలకు కట్టలు చేసిన చేతులే అవి.

పరుగున కార్ఖానాకు వెళ్లాను, ఒక్క బీడీ అయినా తిరిగి ఇమ్మని. నా కట్టలు మిగతావాటిలో కలిసిపోయి అప్పటికే లారీ ఎక్కాయట. రాజమల్లు తాత నా మొహం చూడలేకపోయాడు.

తిరిగొచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది. చేయి విరిగినప్పటి నుంచి ఆమెకు నేనే తినిపించేదాన్ని. ఆరోజు ఆ సంగతే మరిచిపోయాను. పొద్దుటి నుంచి ఆమె ఆకలితోనే ఉంది. పళ్లెంలో అన్నం కలిపి పక్కన కూర్చున్నాను.

“అవ్వా, నోరు తెరువు,” అన్నాను.

తెరిచింది. ఏడుస్తూనే తిన్నది.

తర్వాత అవ్వ దగ్గరే బీడీలు నేర్చుకున్నాను, కుడిచేత్తో, రెండు చుట్లు. ఆ మూడో చుట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు ఈరోజుకీ తెలియదు. నన్ను కన్న అమ్మ చేతి బీడీలను ఎవరో, ఏ ఊళ్లోనో కాల్చేసి ఉంటారు. నేను వాటిని సరిగ్గా చూసుకోను కూడా లేదు.