చెప్పులకు కాపలా ఉన్న సుగుణమ్మ గారు

గడచిన సెప్టెంబరు రెండో శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా వియ్యపురాలు, విశ్రాంత ఉపాధ్యాయిని సుగుణమ్మ గారు జర్మనీలోని కొలోన్ నగరానికి ఒక్కరోజు నడక ఉందనగా, అడవి అంచున ఒక బెంచీ మీద కూర్చుని ప్రభువునందు నిద్రించారు. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. అలసి కునుకు తీస్తున్నారనుకున్నాను. భుజం తట్టాక తెలిసింది. ఆ తెలిసిన క్షణాన్ని గురించి రాయడం నా చేతకాదు.

జీగెన్‌లోని మన తెలుగు సహవాసం వారు ఈ నాలుగు ముక్కలు నన్నే రాయమన్నారు. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, నేర్పింది ఆవిడే. నేను గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసి బతికినదాన్ని. నా కొడుకు దానియేలు ఇంజనీరై, ఆవిడ కూతురు ఎస్తేరును చేసుకున్నాడు. మనవడు జోయెల్‌ను చూసుకోవడానికి వచ్చి ఇద్దరం ఒకే ఇంట్లో పడ్డాం. సుగుణమ్మ గారు విద్యాదాత, శాంతమూర్తి, కరుణామయి అని మిగతావారు రాస్తారు, అదంతా నిజమే. మొండి మనిషి కూడా. అది రాసేవారు ఉండరు కనుక నేను రాస్తున్నాను.

పిల్లవాడు కీటాకి, అంటే ఇక్కడి పసిపిల్లల బడికి, వెళ్ళగానే వంటింటి బల్ల మీద పలక పెట్టేవారు. ఒత్తుల దగ్గర నాకు విసుగొచ్చి ఈ వయసులో నాకెందుకండీ ఈ బాధ అని పలక అవతలికి నెట్టేదాన్ని. ఆవిడ దాన్ని మళ్ళీ ఇవతలికి జరిపి, "తొడిమ ఎక్కడుందో చూసి తీసేవారా వదినగారూ? చెయ్యే వెతుక్కునేది గదా. ఇదీ అంతే" అనేవారు. కోప్పడినట్టు ఒక్కనాడూ లేదు. వదిలిపెట్టినట్టూ లేదు.

మార్బుర్గ్ నుంచి మన జీగెన్ మీదుగా కొలోన్ దాకా పాతకాలపు యాత్రికుల బాట ఒకటుంది. దారి పొడుగునా చెట్లకూ స్తంభాలకూ నీలం మీద పసుపు ఆల్చిప్ప గుర్తు కనబడుతుంది. ఆ బాటంతా నడుస్తానని ఆవిడ అనేసరికి మన సంఘపెద్ద రత్నం గారు, అది కతోలికుల ఆచారం, మనకు మొక్కులేమిటమ్మా అన్నారు. సుగుణమ్మ గారు తాపీగా, "మొక్కు కాదండీ. మావారు సువార్త చెబుతూ ఊరూరా నడిచారు. నేను బడి వదిలి ఒక్కనాడు కూడా ఆయన వెంట వెళ్ళలేదు. ఆ నడక నాకు బాకీ ఉండిపోయింది" అన్నారు. డాక్టరు కూడా గుండె బలహీనంగా ఉంది, ఎత్తులు ఎక్కవద్దన్నాడు. ఎస్తేరు వద్దని ఏడ్చింది. ఈవిడ వినలేదు. ఒంటరిగా పంపలేక నేను వెంట బయలుదేరాను.

శనివారం శనివారం రైలెక్కి, పోయినవారం ఆగినచోట దిగి, అక్కడినుంచి నడిచేవాళ్ళం. పొద్దు వాలేసరికి దొరికిన స్టేషన్లో మళ్ళీ రైలు. కాళ్ళు మొద్దుబారేవి, మోకాళ్ళు మొరాయించేవి. పుణ్యం సంగతి నాకు తెలియదు. వాన, బురద, ఎత్తు, పల్లం, మళ్ళీ ఎత్తు, ఇదే ఎరుగుదును. నేను చతికిలబడినప్పుడల్లా, "కూర్చోవడం తప్పు కాదు వదినగారూ, కూర్చున్నచోట ఇల్లు కట్టుకోకూడదు" అనేవారు. ఆ మాట విని నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మన గుళ్ళలో చెప్పులతో అడుగుపెట్టం గదా. ఇక్కడా తలుపు తీసి ఉన్న ప్రతి గుడి ముందూ ఆవిడ బూట్లు విప్పి మెట్ల పక్కన పెట్టి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళేవారు. నేనూ అంతే. ఒక పల్లెలో ప్రార్థన చేసుకుని బయటికి వస్తే నా పాత జోళ్ళున్నాయి, ఆవిడ కొత్త బూట్లు లేవు. ఈ దేశంలో తమకు అక్కరలేని సామాను గుమ్మం ముందు పెడతారు, కావలసినవారు తీసుకుపోతారు. ఎవరో అలాగే అనుకుని పట్టుకుపోయారు. గుడి తాళాలు చూసే ఉర్సులా అనే పెద్దావిడ సంగతి విని, మా దేవుడు బురద బూట్లకు ఎప్పుడో అలవాటు పడ్డాడమ్మా అని నవ్వి, పోయిన తన భర్త తోటపనికి వాడిన రబ్బరు చెప్పులు తెచ్చి ఇచ్చింది. పడవల్లాంటి ఆ చెప్పులతో సుగుణమ్మ గారు స్టేషన్ దాకా టపటపా నడిచారు. నాకు ఒళ్ళు మండి, ఇకనైనా బూట్లతో లోపలికి వెళ్ళండి అన్నాను. "ఎవరి కాళ్ళకో అవసరమయ్యాయి, పోనివ్వండి. అందుకని అలవాటు మానుకుంటామా" అన్నారు. మరుసటి వారం వేరే బూట్లు కొనుక్కుని, ఆ చెప్పులు కడిగి, డబ్బా నిండా అరిసెలతో ఉర్సులాకు తిరిగి ఇచ్చి వచ్చారు.

అప్పటినుంచి వంతులు పెట్టుకున్నాం. ముందు ఆవిడ లోపలికి వెళ్తే నేను బయట. వచ్చాక మెట్టు మీద కూర్చుని, "మీరెళ్ళి రండి వదినగారూ, చెప్పులకు నేనున్నాను" అనేవారు. లోపల నేను ఎంతసేపున్నా తొందరపెట్టలేదు. నా బతుకులో ఎవరూ నా కోసం అలా బయట కూర్చోలేదు.

ఆ శనివారం ఎత్తు ఎక్కి బెంచీ మీద కూర్చోగానే ఆవిడ బూట్లు విప్పుకున్నారు. ఇక్కడ గుడి లేదు గదండీ అన్నాను. కాళ్ళు బరువుగా ఉన్నాయన్నారు. అదే ఆఖరి మాట. దానికి పెద్ద అర్థాలు తీయవద్దు. పాదాలు వాచాయి, విప్పుకున్నారు.

"డాక్టరు వద్దన్నాడని తెలిసీ మా అమ్మను కొండలెక్కించారు" అంది ఎస్తేరు. నేను తీసుకెళ్ళలేదు, వెళ్తుంటే వెంట వెళ్ళాను. ఆ మాట చెప్పలేదు. తల్లి పోయిన పిల్లతో వాదించేదేముంది? సమాధి కార్యక్రమం అయ్యాక కూడా ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, మాట మాత్రం దానియేలుతో చెప్పించేది. ఆ ఇంట్లో నాకు కొండలెక్కినప్పటికన్నా ఎక్కువ అలసట వచ్చింది.

మిగిలిన ఒక్కరోజు నడక నేను పూర్తి చేస్తానని ఒకనాడు భోజనాల దగ్గర చెప్పాను. శనివారం పొద్దున నేను తలుపు తీస్తుంటే ఎస్తేరు వెనకే వచ్చింది. కాళ్ళకు తల్లి బూట్లు. వదులవుతాయని మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. దానియేలూ జోయెల్ కూడా వెంట బయలుదేరారు. దారి పొడుగునా వాన. మాటా మంతీ లేదు. జోయెల్ జర్మన్‌లో ఇంకెంత దూరమని అడిగి అడిగి వాళ్ళ నాన్న వీపెక్కాడు.

కొలోన్ పెద్దగుడి ముందు జనం జాతరలా ఉన్నారు. బూట్లు విప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎస్తేరు తలుపు పక్కన వంగి తల్లి బూట్లు విప్పింది. నేనేమీ అడగకుండా వాటి దగ్గర కూర్చున్నాను. మా వాళ్ళందరూ లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి ఆ పిల్ల ఒక్కతే వచ్చి నా పక్కన తడిరాతి మీద కూర్చుంది. నా జోళ్ళు విప్పమని చెయ్యి చాచింది.

"మీరెళ్ళి రండి అత్తయ్యా. చెప్పులకు నేనున్నాను."

వెళ్ళాను. లోపల ఏం చూశానో చెప్పలేను, కళ్ళు కనబడలేదు. ఇంత అలసిన నన్ను ఇక లేచి నడవమని చెప్పే మనిషి లేదు. సుగుణమ్మ గారూ, మీ నడక పూర్తయింది. మీరు నేర్పిన అక్షరాలతోనే ఇది రాశాను, తప్పులుంటే మీవే.

ఆ రోజు అక్కడ ఉన్నవారు: కూతురు ఎస్తేరు, అల్లుడు దానియేలు, వీపు మీదనే నిద్రపోయిన మనవడు జోయెల్, అరిసెల డబ్బా తిరిగి ఇవ్వడానికి రైలెక్కి వచ్చిన ఉర్సులా, మోకాలికి పట్టీ కట్టుకుని మాతో నడిచిన రత్నం గారు, చిట్టెమ్మ అనే నేను.