దండ వేసిన గుర్రం

"నెమ్మదైన గుర్రం" అనే మాట ఎవరైనా నా ఎదుట అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందే చెబుతున్నాను, ఇది నా పరువు ఐరాల దగ్గర ఒక పల్లెలో, ఇంటింటికీ ఆగి మరీ పోయిన కథ. పోయేదేదో ఒక్కసారిగా పోతే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. నాది వాయిదాల మీద పోయింది. నవ్వుకోదలచినవాళ్లు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తప్పంతా గుర్రానిదేనని ఇప్పుడే ఒప్పుకుని ముందుకు చదవండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండాయి. ప్రొబేషన్ పూర్తయిందని కాగితం వస్తే తప్ప ఉద్యోగం గట్టిపడినట్టు కాదు. ఆ ఫైలు మా సూపరింటెండెంటు హేమలత మేడం బల్ల మీద ఉంది. ఆవిడ నా గురించి నాలుగు మాటలు రాసి పైకి పంపాలి. ఆవిడ ఎవరి మీదా కేకలు వేసేది కాదు. కళ్లజోడు ముక్కు చివరికి దించి, పై నుంచి చూసేది. అంతే. కేకలే నయమనిపించేది.

ఇంకోవైపు నాకు గుర్రం పిచ్చి పట్టింది. పందేల గుర్రాలు కాదు సుమా, దూకే గుర్రాలు అసలే కాదు. ఎవరెవరో గుర్రం మీద తీరిగ్గా కూర్చుని, చెట్ల నీడన ఈల వేసుకుంటూ పోయే వీడియోలు ఫోన్లో రోజూ చూసేవాణ్ని. అలా ఒక్కపూట పోవాలి, ఒక ఫోటో దిగాలి. ఒక మనిషి జీవితంలో ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా?

మామిడి మండీలో పనిచేసే నా స్నేహితుడు మునిరత్నం ఈ గోల వినీ వినీ విసిగిపోయాడు.

"రేయ్ దామూ, మా మామ కాడ ఒక గుర్రముండాది. ఐరాల దాటినాక పల్లె. ఈ ఆదివారం పోదాం, ఎక్కి నీ పీడ ఇరగడ చేసుకో" అన్నాడు.

సరిగ్గా ఆ శనివారం సాయంత్రమే మేడం అందరినీ పిలిచింది. "సోమవారం తనిఖీ. రేపు ఆదివారమైనా అందరూ తొమ్మిదిన్నరకు రావాల. సెలవనే మాట నా చెవిన పడకూడదు."

సెలవనే మాట ఆవిడ చెవిన పడకుండా నేను జాగ్రత్తపడ్డాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఫోన్లో మెసేజ్ పెట్టాను. 'మేడం, నడుం పట్టేసింది. మంచం మీద నుంచి లేవలేకపోతున్నాను.' ఆ అక్షరాలు టైపు చేసినప్పుడు నేను మునిరత్నం బండి వెనక కూర్చుని ఐరాల రోడ్డు మీద గాలి పీలుస్తున్నాను. మేడం రోజూ ఐరాల వైపు నుంచే బస్సులో వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఏ ఊరని అడగాలని మాత్రం రెండేళ్లలో నాకు తోచలేదు. ఆవిడను చూస్తే ఆఫీసులోనే పుట్టి, ఫైళ్ల మధ్యనే పెరిగినట్టుండేది మరి.

మునిరత్నం మామ చెంగల్రాయుడు తోట ఊరి మొదట్లోనే ఉంది. అక్కడ చెట్టుకింద తెల్లగా, ఎత్తుగా, కళ్లు సగం మూసుకుని నిలబడి ఉంది గుర్రం. పేరు సుబ్బులు.

"ఇది కరవదు గదా మామా?" అన్నాను.

"ఓరి నీ పాసుగాల! పసిబిడ్డను ఎక్కించినా ఏమీ అనదప్పా. చెవి కాడ టపాకాయ పేలిస్తే తోక గూడా ఆడించదు. పదకొండేళ్లు ఈ ఊరి సామి ఉత్సవంలో ముందు నడిచినాది. దీని మీదనే డంకా పెట్టి కొట్టేవాళ్లు. ఇప్పుడు గుడివాళ్లు డంకాను ట్రాక్టరుకు ఎక్కించినారు, దీన్ని నాకిచ్చినారు. దీనంత నెమ్మదైంది, నమ్మకమైంది ఈ జిల్లాలో లేదు."

దేవుడి ముందు నడిచిన గుర్రం! ఇంతకంటే యోగ్యతాపత్రం ఏముంటుంది? నేను ఆనందంతో, దారిలో కొన్న చామంతి దండ సంచిలోంచి తీశాను. మనవాళ్లకు కొత్త బండి కొన్నా, ఆవు ఈనినా, ఫోటో తీయాలన్నా ముందు ఒక దండ పడాలి గదా. సుబ్బులు నుదుట కుంకుమ కూడా పెట్టాను.

చెంగల్రాయుడి భార్య వంటింటి గుమ్మంలోంచి అంది, "పూలెందుకు నాయనా దానికి? వట్టిగా తిరిగి రాగూడదా?"

"ఫోటోకి అత్తా" అన్నాను.

ఆవిడ ఇంకేమీ అనలేదు. అనాలా వద్దా? ఆ ఒక్క మాటకు ఇంకో పది మాటలు జోడించి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. ఈ లోకంలో అవసరమైనప్పుడు ఎవరూ పూర్తిగా చెప్పరు.

నేను పొట్టివాణ్ని. మామిడికాయల క్రేట్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, మునిరత్నం వెనక నుంచి తోస్తే జీను మీద పడ్డాను. చేతిలోని దండ నేను దాని మెడలో వేయగానే సుబ్బులు కళ్లు పూర్తిగా తెరిచింది. తల ఎత్తింది. మునిరత్నం ఫోటో తీశాడు. నేను కళ్లెం పట్టుకుని తోటవైపు తిప్పాను. అది ఊరివైపు తిరిగింది.

"ఈపక్కమ్మా, ఈపక్క" అన్నాను మర్యాదగా.

అది మర్యాదగానే విని, ఊళ్లోకి నడిచింది. నడక మాత్రం ఏమాట కామాట చెప్పుకోవాలి, తొట్టిలో నీళ్లు కూడా తొణకవు. మొదటి ఇంటిదాకా నేను రాజునే. అక్కడ ఆగింది. ఆగడమంటే ఆగడం కాదు, పాతినట్టు నిలబడింది. నేను 'హై' అన్నాను, 'పద' అన్నాను, మడమలతో పొడిచాను. ఇంట్లోంచి ఒక అవ్వ బయటికొచ్చింది.

"అయ్యో, గుర్రం వచ్చేసినాదే! సామి యాడ నాయనా?"

"సామి లేడవ్వా. ఊరికే షికారు."

"ముందు గుర్రమొస్తే వెనక సామి రాకుండా ఎట్లుంటాడు?" అంటూ వీధి చివరిదాకా తొంగిచూసింది. వెనక మునిరత్నం తప్ప ఎవరూ లేరు. అవ్వ వాణ్ని కిందినుంచి పైదాకా చూసి, నిరాశగా లోపలికి పోయి కర్పూరం వెలిగించిన పళ్లెం తెచ్చింది. గుర్రానికి హారతి ఇచ్చింది. పైన ఉన్నాను గదా, నాకూ ఇచ్చింది. బెల్లంముక్క గుర్రానికి పెట్టింది. నాకు పెట్టలేదు.

అయినా సుబ్బులు కదలలేదు. ఎదురింటి అరుగు మీద పళ్లు తోముకుంటున్న పెద్దాయన నీళ్లు ఉమ్మి అన్నాడు, "హారతైనాక డంకా రెండు దెబ్బలు పడాలప్పా. లేకుంటే సాయంత్రం దాకా ఆడనే."

"డంకా యాడ తెచ్చేది?" అన్నాడు మునిరత్నం.

"డబ్బా చాల్లే" అని ఆయన ఖాళీ నూనె డబ్బా ఒకటి, కట్టె ఒకటి తెచ్చిచ్చాడు. మునిరత్నం ఢం ఢం అని రెండు కొట్టాడు. గుర్రం ఎంతో సంతోషంగా కదిలి, రెండో ఇంటి ముందు ఆగింది.

నెమ్మదైన గుర్రమే! ఎవరు కాదన్నారు? ఈ వేగంతో చిత్తూరు చేరడానికి దసరా వచ్చేది.

మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. డబ్బా శబ్దానికి ఊరంతా బయటికొచ్చింది. "ఈసారి ఉత్సవం ముందే పెట్టినారే", "చెప్పనైనా చెప్పలేదే", "ఎవరబ్బా పైన కూర్చున్నోడు, డంకా కొట్టకుండా వట్టిగా కూర్చోనుండాడు?" అని నాలుగు దిక్కుల నుంచీ మాటలు. వట్టిగా కూర్చున్నానట! ఆ జీను మీద కూర్చుంటే తెలుస్తుంది వట్టిగానో కాదో.

అయిదో ఇంటి దగ్గర, డబ్బా ఇచ్చిన పెద్దాయన నా మోకాలు తట్టి ధైర్యం చెప్పాడు. "ఇంకెంతప్పా, ఇరవై ఇండ్లు గూడా లేవు. ఆ పచ్చ గేటు కనబడతాది సూడు, పెద్దిల్లు. ఆడ టెంకాయ కొడతారు. వాళ్ల కోడలు చిత్తూరాఫీసులో సూపరెంటు."

జీను మీద నుంచి వంగి అడిగాను. "ఏం పేరు తాతా?"

"హేమలత. మంచి బిడ్డ. ఎనిమిదిన్నర బస్సుకు పోతాది, ఆదివారం గూడా డ్యూటీనంట పాపం."

ఫోన్ చూశాను. ఎనిమిది దాటి అయిదు నిమిషాలు. నా ప్రొబేషన్ ఫైలు పచ్చ గేటు వెనక తల దువ్వుకుంటోంది.

దూకెయ్యాలి. కుడికాలు ఎత్తి, నడుం తిప్పాను. కటక్ మంది. ఎక్కడో లోపల, తాళం వేసి తాళంచెవి బావిలో పారేసిన శబ్దం. కాలు దిగదు, మొండెం తిరగదు. మెల్లగా కాలు మళ్లీ రికాబులో పెట్టుకుని, ముందుకు సగం వంగిపోయి అలాగే ఉండిపోయాను.

"మునిరత్నం! నడుం పట్టేసిందిరా!"

"అది మేడానికి చెప్పిన మాట గదరా."

"నిజంగారా!"

"నాకాడ గూడా ఎందుకురా ఈ యేషాలు?"

ఇదీ స్నేహం. రాసుకోండి.

"సరే, డబ్బా కొట్టొద్దు. కొట్టకుంటే ఇది కదలదు. ఆమె బస్సెక్కి పోయేదాకా ఈడనే ఉందాం" అన్నాను.

మునిరత్నం కట్టె దించాడు. కానీ పెద్దాయన ఊరుకుంటాడా? "సిగ్గెందుకప్పా, మేం కొడతాం గదా!" అని డబ్బా లాక్కున్నాడు. ఢం ఢం. ఆరో ఇల్లు. "వద్దు తాతా!" ఢం ఢం. ఏడో ఇల్లు. నేను వద్దని మొత్తుకునేకొద్దీ, నాకు పూనకం వస్తోందని ఎవరో అన్నారు. ఆడవాళ్లు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. వంగిపోయి మూలుగుతున్న మనిషికి మన దేశంలో వైద్యం దొరకదు గానీ దండాలు దొరుకుతాయి.

పచ్చ గేటు ముందు సుబ్బులు ఆగింది. అన్ని ఇళ్లకంటే ఇక్కడ ఇంకాస్త దర్జాగా ఆగింది. టెంకాయ సంగతి దానికి గుర్తుంది.

మేడం అత్తగారు కాబోలు, తెల్లజుట్టు పెద్దావిడ గేటు తీసి, లోపలికి కేక వేసింది. "హేమా, సామి గుర్రమే! హారతి పళ్లెం తే!"

"బస్సుకు టైమైంది అత్తా!"

"గుర్రం వాకిట్లో ఉంటే బస్సంటావేంది? రా!"

మేడం వచ్చింది. భుజాన సంచి, చేతిలో హారతి పళ్లెం. ముందు గుర్రాన్ని చూసింది. దండ చూసింది. తర్వాత దాని మెడ మీద ముఖం ఆనించి ఉన్న నన్ను చూసింది. కళ్లజోడు ముక్కు చివరికి దిగింది.

"దామోదరం."

"నమస్కారం మేడం."

"ఆరున్నరకు మెసేజ్ పెట్టినావు. నడుం పట్టేసింది, మంచం మీదనించి లేవలేకుండా ఉండానని."

"నిజం మేడం. కదల్లేకుండా ఉండాను. ఒట్టు."

"మంచం యాడ?"

దీనికి జవాబుంటే ఇప్పటికైనా మీరు చెప్పండి, వింటాను.

"నడుం గుర్రమెక్కకముందు పట్టేసిందా, ఎక్కినాకనా?"

"ఎక్కినాకనే మేడం."

"మెసేజ్ ఎక్కకముందు పెట్టినావు."

"ముందుజాగ్రత్తగా, మేడం" అనేశాను.

ఆవిడ పెదవి ఒక పక్క వణికింది. కోపమో, ఇంకేదో. అంతలో అత్తగారు, "ముందు హారతియ్యి, సామి గుర్రాన్ని వాకిట్లో నిలబెట్టి మాట్లాడేదేంది?" అని గదమాయించింది. చివరికి నా సూపరింటెండెంటు, నా ప్రొబేషన్ ఫైలు సొంతదారు, నాకు కర్పూర హారతి ఇచ్చింది. మూడుసార్లు తిప్పింది. అప్పుడే వీధి చివర ఎనిమిదిన్నర బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది.

నలుగురు మనుషులు నన్ను ఉన్నవాణ్ని ఉన్నట్టు, కూర్చున్న భంగిమలోనే, కిందికి దించారు. అత్తగారు గుర్రం మెడలో దండ తీసి కళ్లకద్దుకుని తలుపుకు తగిలించింది. అంతే! దండ పోయిన మరుక్షణం సుబ్బులు కళ్లు సగం మూసి, చెవులు వాల్చి, ఎవరూ చెప్పకుండానే తోటదారి పట్టింది.

"దండ తీస్తే పోతాదని ముందే చెప్పగూడదా తాతా!" అని అరిచాను.

"నువ్వడగలేదు గదప్పా" అన్నాడు పెద్దాయన, డబ్బా చంకన పెట్టుకుని.

మేడం ఆటో పిలిపించింది. వెనక సీటులో నన్ను అడ్డంగా పడుకోబెట్టి, తను డ్రైవరు పక్కన కూర్చుని, నేరుగా ఆఫీసుకు తీసుకుపోయింది. రికార్డు గదిలో రెండు బల్లలు జరిపి, నన్ను వాటి మీద బోర్లా పరచి, ముందు ఫైళ్లు పేర్చింది. సాయంత్రం ఆరు దాకా బోర్లా పడుకుని పేజీ నంబర్లు వేశాను. భోజనం కూడా అలాగే. తొంగిచూడనివాడు ఆఫీసులో ఒక్కడు లేడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పదిహేను రోజులకు ప్రొబేషన్ కాగితం వచ్చింది. పూర్తయిందట! కాళ్లు పట్టుకుందామని పరుగెత్తబోయి, నడుం గుర్తొచ్చి ఆగాను. తర్వాత మేడం రాసిన నాలుగు మాటలు చదివాను. 'క్రమశిక్షణ గల ఉద్యోగి. తీవ్రమైన నడుంనొప్పితో కూడా ఆదివారం విధులకు హాజరయ్యాడు. దారిలో పై అధికారి ఇంటికి వచ్చి హాజరు తెలిపాడు. ప్రయాణ సాధనం: గుర్రం.'

ఆ కాగితం ఇప్పటికీ నా సర్వీసు రిజిస్టరులో ఉంది. ఎన్ని బదిలీలైనా నాతోనే వస్తుంది. కొత్త అధికారి ఎవరు వచ్చినా ఆ పేజీ దాకా చదివి, తలెత్తి, నన్ను చూసి, కిటికీలోంచి బయటికి చూస్తాడు, ఎక్కడ కట్టేశానోనని.

అందుకే, నడుం మీద చెయ్యి వేసి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. మెడలో దండ ఉన్న ఏ వాహనాన్నీ ఈ జన్మలో ఎక్కను. మొన్న ఆయుధపూజనాడు మా ఆవిడ నా స్కూటరుకు చామంతి దండ వేసి, "ఒక రౌండు కొట్టి రా" అంది. దండ తీసి పక్కన పెట్టేదాకా తాళం తిప్పలేదు. సెకండ్ హ్యాండ్ బండి. అంతకుముందు ఎవరి ఇళ్ల ముందు ఆగిందో నాకేం తెలుసు?