నేను ఆపొద్దన్న బస్సు

ఎవలకన్న చెప్పుకుంటే నవ్వుతరు. నవ్వుండ్రి, నాకేం! కానీ ముందుగాల నా మాట మొత్తం వినుండ్రి. మొన్న సిరొంచల మేళా నాడు, నిండు బస్సు ముంగట, నడి రోడ్డు మీద నా ఇజ్జత్ నేనే తీసుకున్న. తీసుకున్నది నేనే, కోపం మాత్రం లోకం మొత్తం మీద వచ్చింది. ఇంకా పూర్తిగ చల్లారలే.

అసలు ఈ ఉరుకుడు ఎట్ల మొదలైందో చెప్త. మాది అంకిస, మహారాష్ట్రల సిరొంచ దిక్కు ఊరు. మా పక్కింటి మల్లక్క బిడ్డ లత, బడిల ఉరుకుడు పందెంల జిల్లా దాక పోయిన పిల్ల. రోజూ తెల్లారక ముందే రోడ్డు మీద ఉరకాలె అన్నడు వాళ్ల సారు. సారుకేంది, అంటడు! మసక మసక ఉండంగ ఆడపిల్ల ఒక్కతే రోడ్డు మీదికి ఎట్ల పోతది? అందుకని పిల్లకు కాపలా మల్లక్క. మల్లక్కకు తోడు నేను. మా ఇద్దరికి తోడు వెనుకింటి కోడలు సునీత. ముగ్గురం పిల్లల తల్లులమే. సునీతకు ఇద్దరు చిన్నపిల్లలు, మల్లక్కకు యాభై దగ్గర పడ్డయి, నాకు యాభై ఆరు.

మొదట నడిచినం. పిల్ల కండ్లకు కనిపించకుండ పోతుంటే జర ఉరికినం. కొంగు నడుముకు చుట్టుకునుడు, చెప్పులు చేతుల పట్టుకునుడు, ఉరుకుడు! ఆర్నెల్లకు లత చామోర్షి హాస్టల్ల చేరింది. పిల్ల పోయింది గానీ మా కాళ్లు ఆగలే. పొద్దున మెలకువ వస్తది, కాళ్లు గుంజుతయి. ఇగ ముగ్గురం రోడ్డు మీదనే.

ఊరు ఊకుంటదా? మొదటి రోజుల్ల ప్రతి ఇంటి ముంగట ఒకటే ప్రశ్న. "ఏందే, ఎవలింట్ల ఏమైంది?" అని. ఆడోళ్లు ఉరికిండ్రంటే ఎవలో చచ్చిపోయినట్టే, లేకుంటే ఏ గడ్డివామో అంటుకున్నట్టే. ఒకనాడు ఒక ముసలాయన బిందెల నీళ్లు పట్టుకుని మా వెనుక ఊరవతలి మోరీ వంతెన దాక ఉరికి వచ్చిండు. "ఎక్కడ అంటుకున్నది బిడ్డా?" అంటడు. ఎక్కడ అంటుకోలే తాతా, మాకే పని లేక ఉరుకుతున్నం అంటే, ఆ బిందెడు నీళ్లు మా మీద పోసేటట్టు చూసిండు.

నాకు మంటగ ఉండదా చెప్పుండ్రి! సర్కారు రోజ్‌గార్ హమీ కూలి పనిల ఈ రోడ్డుకు గిట్టి కొట్టింది నేను. పెద్దకొడుకును చీర ఉయ్యాలల వేసి, మండే ఎండల కూసోని సుత్తెతోని రాళ్లు పగలగొట్టిన. చేతుల బొబ్బలు పగిలి నెత్తురు వచ్చేది. అప్పుడు ఒక్కడన్న అడిగిండా, ఎందుకు కొడుతున్నవమ్మా అని? అడగలే. ఇప్పుడు అదే రోడ్డు మీద నాలుగు అడుగులు నా ఇష్టం కొద్దీ ఉరికితే ఊరంత ప్రశ్నలే!

అందుకే మొండికి పడ్డ. ముగ్గురిల పెద్దదాన్ని నేనే, హుకుం కూడ నాదే. ఎవలన్న ఆగితే నా నోరు ఆగదు.

"మల్లీ, గా తుమ్మచెట్టు దాక!"

తుమ్మచెట్టు రాంగనే, "ఇగ మోరీ దాక!"

"అక్కా, పానం పోతున్నదే!"

"పోదు తియ్యి. నాట్లు వేసినప్పుడు పోనిది ఇప్పుడు పోతదా? ఉరుకు!"

ఇట్ల నడుస్తుంటే అడ్డం వచ్చింది ముక్కాం బస్సు. రాత్రి అవతలి ఊళ్ల ముక్కాం ఉండి, తెల్లారంగ మా అంకిస మీదుగ సిరొంచకు పోయే మొదటి బస్సు అది. మా దిక్కు రోడ్డు మీద మనిషి ఉరుకుతున్నడంటే బస్సు కోసమే. ఇంకొక అర్థం లేదు. ఆ డ్రైవర్ మంచోడు, వార్ధా దిక్కోడు. మమ్మల్ని చూడంగనే బ్రేకు కొట్టిండు. "చలా మావ్షీ, లవ్‌కర్!" అని చెయ్యి ఊపిండు, జల్దీ ఎక్కుమని. మేం ఎక్కం అన్నం. తెల్లారి మళ్ల ఆపిండు. మూడోనాడు మళ్ల ఆపిండు. నాలుగోనాడు కండక్టర్ దిగిండు. సిరొంచ పిలగాడే, మన భాషోడే.

"ఏందవ్వా, రోజూ బస్సు ఆపి ఆట పట్టిస్తున్నరా? లోపల మనుషులు తిడుతున్నరు నన్ను!"

"ఎవలాపిండ్రురా? చెయ్యెత్తిన్నా నేను?"

"చెయ్యి ఎత్తుడెందుకు? ఉరుకుతున్నరు కదా!"

"ఉరుకుతే? ఉరుకుడు నీ బస్సు కోసమేనా? మా పానాల కోసం ఉరకొద్దా?"

కిటికీలల నుంచి తలకాయలు బయటికి వచ్చినయి. కిసకిస నవ్వులు. ఇగ నాకు మండింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, బస్సు మొత్తానికి వినపడేటట్టు చెప్పిన.

"విను కొడుకా! రేపటి నుంచి నేను ఉరుకుతుంటే ఆపకు. చెయ్యెత్తినా ఆపకు. ఒర్లినా ఆపకు. నీ కాళ్లు మొక్కుతా అన్నా ఆపకు! ఆపినవా, డిపో దాక వచ్చి నీ మీద అర్జీ పెడుత!"

"పక్కానా అవ్వా?"

"పక్కా!"

వాడు టికెట్ల సంచి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకున్నడు. డ్రైవర్‌కు మరాఠీల అంత విడమరిచి చెప్పిండు. ఆయన నాకు దండం పెట్టిండు. బస్సుల ఉన్నోళ్లందరు సాక్ష్యం. గెలిచిన అనుకుని తల ఎగరేసి ఇంటికి వచ్చిన.

తర్వాత నెల రోజులకు సిరొంచల బచత్ గట్ల మేళా, అంటే ఆడోళ్ల పొదుపు సంఘాల మేళా అన్నరు. అందుల తల్లులకు ఉరుకుడు పందెం అన్నరు. మాకు ఇంక నిద్ర పడుతదా! ముగ్గురం పేర్లు రాపిచ్చినం. కానీ సునీత అత్త రాజవ్వ ఒప్పుకోలే. రాజవ్వ నాకు వదినె వరుస, మాట కరుకు. శానా సేపు బతిమాలితే కోడలికి ఒకటే షరతు పెట్టింది.

"ఒక్కపాలి పోయి రా. ఇనాము తెస్తే సరే. తేకపోతే రేపటి నుంచి ఉరుకుడు బంద్. పొద్దుగాల పొయ్యి కాడ నేనొక్కదాన్నే చావాల్నా?"

మల్లక్కకూ నాకూ పందెం ఒక సరదా. సునీతకు అట్ల కాదు. ఆ పిల్లకు రోజు మొత్తంల తనదంటూ ఉన్నది ఆ పొద్దటి గంటనే. అది పోతదా ఉంటదా అన్నది ఆ పందెంతోని తేలాలె.

మేళా నాడు తయారయ్యి సునీతను పిలువ పోయినం. రాజవ్వ అప్పుడే బిందెలు ముంగట పెట్టింది. నీళ్లు నింపి పొమ్మంటది. నింపితే అయిపోయేది. ముగ్గురం చెరి రెండు బిందెలు తెస్తే చిటికెల అయిపోయేది. కానీ నా నోరు ఊకుంటదా? "ఏం వదినె, కోడలంటే బిందెలు మోసే ఎడ్లబండా?" అన్న. ఆమె ఒకటి అన్నది. నేను రెండు అన్న. ఆమె నాలుగు అన్నది. మల్లక్క నా కొంగు పట్టి గుంజుతనే ఉన్నది. "శంకరక్కా, బస్సు! అక్కా, బస్సు వస్తది!" నేను వింటేనా!

స్టాండు దిక్కు నుంచి హారన్ వినపడ్డది. అప్పుడు చెంగుమని లేచినం. ముగ్గురం కొంగులు చుట్టుకుని, చెప్పులు చేతుల పట్టుకుని ఉరికినం. స్టాండుకు పోయేసరికి బస్సు కదిలింది. పరవాలేదు, వెనుక ఉరికినా ఆపుతరు, మా ఊరి బస్సే కదా అనుకున్న.

చెయ్యెత్తిన. "ఆపు! ఆపు!" అని ఒర్లిన.

కండక్టర్ వెనుక తలుపు తెరిచి బయటికి వంగిండు. ముఖం నిండ నవ్వు.

"ఆపం అవ్వా! నీ మాట తప్పం!"

"ఇయ్యాల ఆపురా! ఇయ్యాల ఎక్కుతం!"

"గట్లనే అంటనని చెప్పినవు కదా! మాకు ఎరికే!"

"నీ కాళ్లు మొక్కుత కొడుకా!"

"గది కూడ చెప్పినవు!"

బస్సుల మనుషులు కిటికీల నుంచి చేతులు బయటపెట్టి చప్పట్లు! "శభాష్ అవ్వా! ఉరుకు! ఇంక జర!" ఒకామె అయితే ఈలలు వేసింది. డ్రైవర్ అద్దంల చూసి, మాకు దుమ్ము తగలకుండ పక్కకు జరిపి మరీ నడిపిండు, పుణ్యాత్ముడు! ఇంత మర్యాద నాకు పుట్టిన కాడి నుంచి ఎవ్వలు చెయ్యలే. ఆ మర్యాదతోనే బస్సు మూల తిరిగి మాయమైంది.

మల్లక్క రోడ్డు మీదనే కూలబడ్డది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలుస్తలేదు. సునీత మాత్రం బస్సు పోయిన దిక్కే చూసుకుంట నిలబడ్డది. మళ్ల బస్సు పొద్దెక్కినంక. అప్పటికి పందెం అయిపోతది. మేళా దగ్గరికి ఫోన్ చేసి ఆపమందామంటే ఎస్టీడీ బూతు తాళం తియ్యలే. తీసినా ఎవరికి చెయ్యాలె, ఏమని చెప్పాలె? మా బస్సు నేనే ఆపొద్దన్న, జర పందెం ఆపుండ్రి అని చెప్పాల్నా?

"నడువుండ్రి, ఉరుకుదాం" అన్న.

"సిరొంచ దాకనా?" అన్నది మల్లక్క.

"తుమ్మచెట్టు దాక ముందు ఉరుకు. తర్వాత చూద్దాం!"

మోరీ దాటి కొంత దూరం పోయేసరికి వెనుక నుంచి చేపల పోశం వచ్చిండు, మోపెడ్ మీద. రెండు దిక్కుల రెండు గంపలు, గోదావరి చేపలు, సిరొంచ అంగడికి తీసుకపోతున్నడు. బండికి అడ్డం నిలబడ్డ.

"పోశం, మమ్ముల ఎక్కించుకో!"

"ముగ్గురినా? చిన్నమ్మా, ఇది మోపెడే, ఎడ్లబండి కాదు. ఒక్కరికే జాగా. అది కూడ గంపల నడుమ ఇరుక్కుని కూసోవాలె."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. నిజం చెప్పాలంటే, నాకు ఎక్కాలనే ఉండె. కొడుకు కాడ, కోడలు కాడ, బచత్ గట్ మొత్తం కాడ ఇనాము నాదే అని చెప్పుకున్న. కానీ బస్సు పోగొట్టింది నేను.

"సునీతా, నువ్వెక్కు బిడ్డా."

"వద్దు పెద్దమ్మా, నువ్వు పో."

"ఎక్కుతవా, దవడ పగలగొట్టాల్నా?"

ఎక్కింది. ఒళ్లో ఒక చేపల సంచి, రెండు మోకాళ్లకు రెండు గంపలు. కట్టుకున్నది అత్త పెట్టిన కొత్త చీర! పోశం బండి పొగ కొట్టుకుంట పోయింది.

మల్లక్క, నేను జీపు దొరికి సిరొంచల దిగేసరికి షామియానా కింద పులిహోర కూడ అయిపోయింది. సునీత ఒక మూలకు కూసోని ఉన్నది. ఆమె పక్క కుర్చీలు అన్ని ఖాళీ, చేపల వాసనకు ఎవ్వలు కూసోలే. నాలుగో నంబర్ వచ్చిందట. ఇనాములు మూడే.

ఇంటికి వచ్చే దారి పొడుగునా నేను లోపల లోపల తయారైతనే ఉన్న. రాజవ్వకు ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని. ఊళ్ల దిగంగనే సీదా ఆమె వాకిట్ల నిలబడి మొదలుపెట్టిన. ఆడది అంటే పొయ్యేనా అన్న. గిట్టి కొట్టిన కథ చెప్పిన. బస్సు పోయింది నా తప్పు, కోడలిని ఆపుతే ముందు నన్ను ఆపు అన్న. ఆపి చూడు, బచత్ గట్ మొత్తాన్ని నీ వాకిట్ల కూసోబెడుత అన్న. పక్కిండ్లోళ్లు బయటికి వచ్చిండ్రు. నాకు చెమట పట్టింది.

రాజవ్వ చాటల బియ్యం చెరుగుతనే ఉన్నది. నేను ఊపిరికి ఆగినంక తలెత్తింది.

"అయిపోయిందా? నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. మాట చెప్పు!"

"పోశం అంగడి నుంచి వచ్చి అంత చెప్పిండు. ముప్పై మందిల నాలుగోది వచ్చిందట. చేపల బండి దిగి దిగంగనే, ఊపిరి తీసుకోక ముందే. మూడోదానికి ఎంత తక్కువో తెలుసా? గింత." రెండు వేళ్లు చూపించింది. "ఆ గింత ఎందుకు తక్కువైందో అడుగు."

"ఎందుకు?"

"నీ వల్ల!"

"బస్సు సంగతి నేనే ఒప్పుకున్న కదా!"

"బస్సు కాదు. రోజూ నీ పక్కపొంటి మెల్లగ ఉరికి ఉరికి నా కోడలి కాళ్లు మొద్దుబారినయి. ముంగట పోతే పెద్దమ్మ చిన్నబోతదట! పెద్దమ్మ ఆగిపోతదట! అందుకని ఆగి ఆగి ఉరుకుతదట. ఇన్ని రోజులు నాకు చెప్పలే, ఇయ్యాల పందెం కాడ పోశంకు ఏడ్చుకుంట చెప్పిందట."

సునీత దిక్కు చూసిన. తల కిందికేసింది. "గట్ల కాదు పెద్దమ్మా..." అని నసిగింది. మల్లక్క దిక్కు చూసిన. మల్లక్క ఆకాశం దిక్కు చూస్తున్నది. అంటే ఆమెకూ తెలుసు! ఇన్ని నెలలు వాళ్లను నేను ఉరికిస్తున్న అనుకున్న. నన్నే ఇద్దరు కలిసి దేకిచ్చుకుంట తీసుకపోతున్నరు!

"రేపటి నుంచి పొయ్యి కాడ నేను చూసుకుంట" అన్నది రాజవ్వ. "అది ముంగట ఉరుకుతది. నువ్వు వెనుక ఎప్పుడు వస్తవో నీ ఇష్టం. ఇంకో మాట. ఆ చీరకు చేపల వాసన నువ్వే వదిలిచ్చి తేవాలె."

ఇప్పుడు అట్లనే నడుస్తున్నది. సునీత మోరీ దాటి ఎప్పుడు పోతదో నాకు కనిపించది. మల్లక్క కూడ నెమ్మదిగ జారుకుని ముంగట పోయింది. నేను ఆఖరుకు, ఒక్కదాన్నే రొప్పుకుంట. హుకుం చెయ్యనీకి ముంగట మనిషి లేదు, ఉన్నా ఊపిరి లేదు.

మొన్న మా కోడలు చాయ్ పోసుకుంట అడిగింది. "అత్తమ్మా, ఇన్ని నెలలు ఉరికితివి. ఏమన్న తగ్గిందా?"

"ఒళ్లు తగ్గలే బిడ్డా. నోరు జర తగ్గినట్టున్నది."

"చాలు అత్తమ్మా" అన్నది, నా గ్లాసుల రెండో చెంచ చక్కెర కూడ వేసుకుంట. "మాకు అదే శానా. ఒక్కరోజు కూడ ఆపకు!"