సిర్రా వదిన బండికి అడ్డం పడుకున్న రోజు

మా వదిన సిర్రా సీసేకి సిగ్గు లేదని మా వూళ్ళో సగం మంది అంటారు. అననీ. పెళ్ళయిన పిల్ల ఎవరైనా నడుం పట్టుకుని నడుస్తుంటే చాలు, ఆవిడ ఆపేసి, "ఒంటికి పోతే మంటగా ఉందా తల్లీ?" అని నిలబెట్టి అడుగుతుంది. పిల్ల తల దించుకుంటే నాలుగు చీవాట్లు పెట్టి బస్సే ఊళ్ళో ఉన్న ఆస్పత్రికి లాక్కుపోతుంది. మొగుడు అడ్డం వస్తే మొగుణ్ణీ లాక్కుపోతుంది. ఇంతా చేసి ఆవిడేమీ ఉద్యోగస్తురాలు కాదు. సంతలో వేరుశనగ ముద్ద అమ్ముకునే మనిషి.

కానీ ఒకప్పుడు ఆవిడకూ మాలాగే నోరు లేదు. మేమంతా చిన్నప్పుడు పొదల్లోకి పోయి కాళ్ళ మధ్య కొయ్యించుకొచ్చినవాళ్ళమే. అక్కడ జరిగింది చచ్చినా పైకి చెప్పబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళమే. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మా అమ్మలు చెప్పారు, మేమూ నమ్మాం. ఆడపిల్లలను కొయ్యకూడదని చట్టం వచ్చినప్పుడు పట్నం వాళ్ళు జీపులో దిగి, మమ్మల్ని కూర్చోబెట్టి ఎంతో మర్యాదగా అడిగారు, "అమ్మా, మీ బాధలు చెప్పండి" అని. మేం చప్పట్లు కొట్టాం, వాళ్ళు పెట్టిన చేపలన్నం తిన్నాం, ఇంటికొచ్చాం. మర్యాదగా అడిగితే ఆ సంగతి చెప్పే ఆడది మా మందింకా జాతిలో పుట్టలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. ఎదిగిన పిల్లలైతే బయట చెప్పేస్తారని పసివాళ్ళను కొయ్యడం మొదలుపెట్టారు. అంతలో ఆ చట్టాన్నే తీసెయ్యాలని రాజధాని బాంజుల్ సభలో బిల్లు పెట్టారు. చివరికి వీగిపోయిందనుకోండి, కానీ అప్పుడు ఎవరికి తెలుసు? రేడియోలో ఆ కబురు వినగానే, కత్తి పక్కన పెట్టేసిన జైనబా తూరే మళ్ళీ నూరుకుంది. నన్నూ, మా వదిననూ కోసిన చెయ్యి ఆవిడదే.

అప్పుడు వదిన కూతురు తీడా పక్క ఊరి అత్తవారింటి నుంచి ఫోన్ చేసింది. దాని కూతురు సోనాకు అప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. "అమ్మా, మా అత్త జైనబాను పిలిచింది. రేపు పొద్దున్నే వస్తుందట. నా మాట ఎవరూ వినట్లేదే" అని ఏడుపు. పిల్ల వాళ్ళ ఇంటి పిల్ల. తీడా మాటే చెల్లని చోట మా వదిన మాట ఎవరికి కావాలి?

"పోలీసులకు ఫోన్ చెయ్యి వదినా" అన్నాను.

"చేస్తాను. ముందు ఆ తూరే ముసల్దాని సంగతి చూడనీ. అది వినకపోతే పోలీసులు ఎక్కడికి పోతారు? చట్టం ఇవాళ్టికి బతికే ఉందిగా!"

సీసే, తూరే ఇంటిపేర్ల వాళ్ళకు తాతల నాటి నుంచి పరాచికాల వరస. ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, ఎవరికీ కోపం రాకూడదు. అవతలివాడు దారికి అడ్డంగా పడుకుని ఏదన్నా అడిగితే కాదనకూడదు. కాదన్నవాడికి ఊరూరా నగుబాటే. చావు ఇంట్లో శవాన్ని కూడా ఇలా ఆపేసి నవ్వించేవాళ్ళను చూశాను. కానీ మా వదిన మనసులో ఏముందో నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున జైనబా గాడిద బండి రేవు దాటి రావడం చూసి, మా వదిన నెత్తిన ఉన్న గిన్నె నా చేతిలో పెట్టి, దారి మధ్య దుమ్ములో వెల్లకిలా పడుకుంది. సంతకు పోయే ఆడవాళ్ళంతా ఆగిపోయారు.

"లేవే తిండిపోతు సీసే!" అని బండి మీంచి అరిచింది జైనబా. "రాత్రి కుండెడన్నం మింగి నడవలేక పడ్డావా?"

"మీ తూరేలు ఒక్క మెతుకైనా మిగిలిస్తే కదా! ఆకలితో పడ్డాను."

అందరూ ఘొల్లుమన్నారు. జైనబా కూడా నవ్వింది. "సరే సరే, జరుగు. పనుంది."

"ఏం పనే ముసలీ?"

జైనబా పగ్గాలు సవరించుకుంది.

"నేను చెప్పనా? నాకు చేసిన పనే కదా!"

"నోర్ముయ్యవే! ఒట్టు ఉంది!"

"పరాచికానికి ఒట్టేమిటే? నలుగురు నన్ను చాపకు అదిమి పట్టుకుంటే కోశావు. బాగా కోశావన్నారు, నీ చెయ్యి మంచిదన్నారు. ఆ మంచి చేతి చలవ వల్లే నా తొలిచూలు కొడుకు బయటికి దారిలేక లోపలే చచ్చిపోయాడు. ఈనాటికీ మొగుడు దగ్గరకొస్తే పళ్ళు బిగబట్టుకుంటాను. నవ్వవే! మనం నవ్వుకోవాల్సిన వాళ్ళం కదా, నవ్వు!"

ఒక్కరూ నవ్వలేదు. ఇన్నేళ్ళు ఒకే వాకిట్లో కాపురం చేశాం, ఆ బిడ్డ ఎలా పోయాడో నాకే చెప్పలేదు మా వదిన. సంతకు పోయే వాళ్ళలో ఒక ముసలావిడ బుట్ట దించి దారి పక్కనే కూలబడింది. ఇంకొకావిడ, "నాకూ అంతే" అంది.

జైనబా మెల్లగా బండి దిగింది. "నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?"

"నువ్వు అడిగావా?"

"ఏం కావాలో అడుగు" అంది జైనబా.

"సోనా."

"లే. దుమ్ము దులుపుకో. బండెక్కు."

ముగ్గురం తీడా అత్తవారింటికి పోయాం. అక్కడ వాకిట్లో చాప పరిచి ఉంది, అంబలి కాగుతోంది, డప్పుల వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. జైనబా గడప తొక్కకుండానే చెప్పింది. "ఎన్ని వందల మందిని కోశానో గుర్తులేదు. ఒక్కదాని ఇంటికైనా మళ్ళీ పోయి ఎలా ఉన్నావమ్మా అని అడగలేదు. ఇవాళ విన్నాను. ఇక కొయ్యను."

తీడా అత్త మండిపడింది. "చట్టమే పోబోతోంటే నీకేం భయం? నువ్వు కాకపోతే ఇంకొకతె లేదా?"

"చట్టాన్ని మేం పోనివ్వం వదినగారూ" అంది మా వదిన. "బాంజుల్ దాకా నడిచైనా పోయి ఆ సభ గుమ్మంలో ఇలాగే పడుకుంటాను. ఈలోగా ఇంకొకతెను పిలిస్తే నేను పోలీసులను పిలుస్తాను. మీ అబ్బాయి జైలుకు పోతాడు. ఇది మాత్రం పరాచికం కాదు."

చాప చుట్టేశారు.

సోనాకు ఇదేమీ తెలియదు. కొత్త గౌను వేశారని సంబరపడుతూ వాకిట్లో గిరగిరా తిరుగుతోంది. దాన్ని చూసి తీడా వంటపాక గుమ్మంలో కూలబడి వెక్కివెక్కి ఏడవసాగింది. "ఇప్పుడేడుస్తావేమిటే, గట్టెక్కింది కదా, ఊరుకో" అంటూ నేను దగ్గరికి పోబోయాను.

మా వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆనాడు మన ఏడుపు వినపడకుండా డప్పులు కొట్టారు. దీన్ని తనివితీరా ఏడవనీ."